జానెడు లోతులో వెతుకులాట: మెటల్ డిటెక్టర్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదింటి విషయం ఒకటే కావడంతో, తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తాన్ని మెటల్ డిటెక్టర్‌కే కేటాయిస్తున్నాను. తొమ్మిదేళ్లుగా చెన్నై తీరంలో ఆ యంత్రం పట్టుకొని నడుస్తున్నవాడిని కాబట్టి, చదివి తెలుసుకున్నదాని కంటే ఇసుకలో మోకాళ్ల మీద కూర్చొని నేర్చుకున్నదే ఎక్కువగా చెప్పగలను.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి రెండేళ్లయింది. రోజూ తెల్లవారుజామున తిరువాన్మియూర్ బీచ్‌లో నడుస్తాను. ఒకసారి ఒక పర్యాటకుడు మెటల్ డిటెక్టర్‌తో ఇసుకలో వెతుకుతుంటే చూసి నాకూ ఆసక్తి పుట్టింది. పదేళ్ల మనవడు నాకంటే ఎక్కువ ఉత్సాహంగా ఉన్నాడు. ఎలాంటి యంత్రం కొనాలి, ఎలా మొదలుపెట్టాలి, అది ఎంత లోతు వరకు పనిచేస్తుంది?
– ఒక పాఠకుడు, తిరువాన్మియూర్

జవాబు: మీ ప్రశ్నలోని చివరి భాగంతో మొదలుపెడతాను. లోతు గురించిన అపోహ తొలగితే, ఏది కొనాలన్న సందేహంలో సగం దానంతటదే తీరిపోతుంది. యంత్రం కొసన పళ్లెంలా ఉండే భాగాన్ని కాయిల్ అంటారు. అందులో సాధారణంగా రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకదానిలో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే విద్యుత్తు ప్రవహిస్తూ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఆ క్షేత్రం తాకిన లోహంలో చిన్న చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. వాటివల్ల ఏర్పడే బలహీనమైన ప్రతిక్షేత్రాన్ని రెండో చుట్ట పసిగట్టి చెవికి చప్పుడుగా అందిస్తుంది. ఈ క్షేత్రం కిందికి వెళ్లేటప్పుడూ తగ్గుతుంది, తిరిగి పైకి వచ్చేటప్పుడూ తగ్గుతుంది కాబట్టి, చిన్న వస్తువు ఉన్న లోతు రెట్టింపైతే దాని నుంచి అందే సంకేతం దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ లెక్కకు లోబడే ఉంటుంది. అందుకే 9 నుంచి 11 అంగుళాల కాయిల్ ఉన్న మంచి యంత్రం కూడా నాణెమంత వస్తువును సాధారణంగా 20–25 సెంటీమీటర్ల లోతు వరకే చెప్పగలదు. అంటే జానెడు. ఈ అభిరుచి అంతా ఆ జానెడు లోతులోనే ఉంది.

అభిరుచి కోసం వాడే యంత్రాలలో మూడు రకాలను మీరు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకే తరచుదనంతో (ఫ్రీక్వెన్సీ, అంటే విద్యుత్తు సెకనుకు ఎన్నిసార్లు దిశ మారుతుందన్న లెక్క) పనిచేసేవి మొదటివి. ఇవి తేలికగా ఉంటాయి, వాడకం సులభం, కింద ఉన్నది ఇనుమా మరో లోహమా అన్నది చాలావరకు విడమర్చి చెబుతాయి. ఒకేసారి అనేక తరచుదనాలను పంపేవి, అంటే మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రాలు, రెండోవి. మూడోవైన పల్స్ ఇండక్షన్ యంత్రాలు ఉప్పునీటినీ నల్ల ఇసుకనూ ఖాతరు చేయవు గానీ, మేకుకూ ఉంగరానికీ తేడా చెప్పడంలో బలహీనం. మొదటిసారి కొనేవారు ఆ మూడో రకం జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే తుప్పుపట్టిన ప్రతి మేకునూ తవ్వి తీసే ఓపిక మొదటి నెలలో ఎవరికీ ఉండదు.

మొదటి రెండింటిలో ఏదన్నది మీరు తీరంలో ఏ భాగాన తిరుగుతారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఉప్పునీటితో తడిసిన ఇసుక తానే విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి, ఒకే తరచుదనపు యంత్రం అక్కడ ఏమీ లేకపోయినా కూస్తూనే ఉంటుంది. సున్నితత్వాన్ని బాగా తగ్గించి నడిపించవచ్చు గానీ, తగ్గించిన కొద్దీ లోతు కూడా పోతుంది. పొడి ఇసుకలో ఈ బాధ లేదు. చెన్నై తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు ఒక మీటరే కాబట్టి తడి ఇసుక పట్టీ సన్నగా ఉంటుంది, జనం కూర్చునేదీ పిల్లలు ఆడుకునేదీ పొడి ఇసుకలోనే. కనుక మీరు పొడి ఇసుకతో సరిపెట్టుకునేటట్లయితే మొదటి రకం చాలు. అలల అంచున కూడా తిరగాలనుకుంటే మాత్రం కొంచెం ఎక్కువ ఖర్చయినా మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రం, అదీ కాయిల్ నీళ్లలో మునిగినా చెడనిది తీసుకోండి. అమెరికాకు చెందిన గారెట్, ఆస్ట్రేలియాకు చెందిన మైన్‌ల్యాబ్, టర్కీకి చెందిన నోక్టా ఈ రంగంలో పేరున్న కంపెనీలు. విదేశాలలో ఆరంభస్థాయి యంత్రాలు 200 నుంచి 400 డాలర్ల మధ్య దొరుకుతాయి, ఇక్కడికి వచ్చేసరికి సుంకం, రవాణా కలిసి ధర పెరుగుతుంది. బిల్లు, వారంటీ లేకుండా ఎవరి దగ్గరా కొనకండి. ఆ బిల్లు నకలు ఒకటి సంచిలో ఉంటే, గస్తీ పోలీసులు అడిగినప్పుడు మాట సులువవుతుంది.

యంత్రంతోపాటు మరి మూడు వస్తువులు అవసరం. హెడ్‌ఫోన్లు లేకుండా అలల హోరులో బలహీనమైన చప్పుడు వినబడదు. చిల్లులున్న లోతైన గరిటె వంటి శాండ్ స్కూప్ ఉంటే ఒక్క ఊపుతో ఇసుక జారిపోయి వస్తువు మిగులుతుంది. టార్చిలైటంత ఉండే పిన్‌పాయింటర్‌ను తవ్విన గుంటలోకి దించితే, వస్తువు ఏ పక్కన ఉందో వేలెడు దూరం నుంచి చెబుతుంది. మనవడికి పిన్‌పాయింటర్ అప్పగించండి, పదేళ్ల పిల్లవాడికి అంతకు మించిన పదవి లేదు.

యంత్రం రాగానే బీచ్‌కు పరుగెత్తకుండా ఒక వారం ఇంట్లోనే గడపమని నా మనవి. ఒక ప్లాస్టిక్ తొట్టిలో ఇసుక నింపి, అందులో 5, 10, 15 సెంటీమీటర్ల లోతున ఒక్కొక్కటిగా వస్తువులు పాతండి: వెండి మెట్టె, ఇత్తడి తాళంచెవి, సోడా సీసా మూత, తుప్పుపట్టిన మేకు, మందుబిళ్లల అట్ట నుంచి చించిన అల్యూమినియం రేకు, రకానికొక నాణెం. ఒక్కొక్కదానిమీదుగా కాయిల్‌ను నాలుగు వైపుల నుంచీ ఊపి, చప్పుడు ఎలా ఉందో, తెర మీద ఏ అంకె వచ్చిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ తొట్టిని డాబా మీద నేరుగా పెడితే మాత్రం యంత్రం ఎడతెగకుండా మోగుతుంది, ఎందుకంటే స్లాబు నిండా ఇనుప కడ్డీలు ఉంటాయి. చెక్క బల్ల మీద పెట్టి నేల నుంచి బాగా ఎత్తులో ఉంచండి, లేదా పెరట్లో మట్టినేల మీద పెట్టండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ శరీరంలో చిక్కుకున్న తుపాకీ గుండును వెతకడానికి టెలిఫోన్ సృష్టికర్త గ్రాహం బెల్ ఇలాంటి పరికరాన్నే తయారు చేసి తెచ్చినా గుండు దొరకలేదు. అధ్యక్షుడు పడుకున్న పరుపులోని లోహపు స్ప్రింగులు పరికరాన్ని తికమకపెట్టాయని చెబుతారు. బెల్ వంటివాడికే అంత ఇబ్బంది వచ్చినప్పుడు, మన చేతి ఉంగరం, జేబులోని సెల్‌ఫోను, బూట్లలోని ఇనుప ముక్క ఎంత పని చేస్తాయో ఆలోచించండి.

ఇప్పుడు విదేశీ సూచనల పుస్తకాలలో ఉండని ఒక సంగతి. ఆ పుస్తకాలన్నీ ఇనుమును వదిలేసేలా యంత్రాన్ని అమర్చుకోమని చెబుతాయి, వారి నాణేలలో చాలావరకు రాగి, నికెల్ మిశ్రమాలు కాబట్టి వారికి అది సరిపోతుంది. మన ఇళ్లలో తిరిగే రూపాయి నాణెం 1992 నుంచి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలుతో వస్తోంది, అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. రెండు రూపాయల నాణెం కూడా తర్వాతి కాలంలో అదే దారి పట్టింది. కాబట్టి ఇనుమును పూర్తిగా వదిలేసే అమరికలో మీరు మన చిల్లరలో పెద్ద భాగాన్ని దాటుకుంటూ వెళ్లిపోతారు. మీ తొట్టిలో రూపాయి బిళ్ల పాతి విన్నప్పుడు, చప్పుడు స్థిరంగా ఉండదనీ, అంకె అటూ ఇటూ ఎగురుతుందనీ గమనిస్తారు. ఆ గంతులను చెవికి అలవాటు చేసుకోవడమే మొదటి పాఠం. ఐదు రూపాయల ఇత్తడి రంగు నాణెం శుభ్రంగా, గుండ్రంగా మోగుతుంది. బంగారపు ఉంగరమైతే, అల్యూమినియం రేకు పలికే చోటుకూ డబ్బా మూత తీసే రింగు పలికే చోటుకూ మధ్యన ఎక్కడో పలుకుతుంది. చెత్త వద్దని ఆ రేకులను వదిలేసినవారు ఉంగరాన్నీ వదిలేసినట్టే. అందుచేత మొదటి నెలంతా ఏ లోహాన్నీ వదలకుండా, మోగిన ప్రతిదాన్నీ తవ్వండి.

బీచ్‌లో నడిచే పద్ధతి కూడా చెప్పాలి. కాయిల్ నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున, సమాంతరంగా ఉండాలి. కొత్తవారు గోడకు సున్నం వేస్తున్నట్టు ఊపు చివర కాయిల్‌ను పైకెత్తుతారు, ఎత్తిన ప్రతి అంగుళం కింద లోతులో పోయినట్టే. ఒక ఊపు ముగిసిన చోట రెండో ఊపు సగం వరకు దానిమీదుగానే సాగాలి. చప్పుడు వినగానే ఆగి, తొంభై డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపండి. రెండు దిక్కుల నుంచీ ఒకే చోట, ఒకే తీరుగా మోగితే తవ్వండి. నా నోటుపుస్తకంలో మొదటి ఉదయపు పద్దు ఇది: సోడా మూతలు పదకొండు, వలకు కట్టే సీసపు గుండ్లు రెండు, గొడుగు పుల్ల ఒకటి, ఐదు రూపాయల బిళ్ల ఒకటి. ఆ సీసపు గుండ్లకు నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే సీసం పలికే స్వరం బంగారపు స్వరానికి చాలా దగ్గర. మెరీనాలో తుపాకీతో బెలూన్లు కొట్టించే దుకాణాల చుట్టుపక్కల చిన్న చిన్న గుళ్లు కూడా ఇలాగే ఆశపెడతాయి. సీసం ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కున్న తర్వాతే మనవడికి సుండల్ కొనిపెట్టండి.

మెరీనా గురించి మరొక్క మాట. అక్కడ పాతకాలపు నాణేలు దొరుకుతాయని చాలామంది ఆశపడతారు. 1870లలో మద్రాసు నౌకాశ్రయ నిర్మాణం మొదలైన తర్వాత, తీరం వెంట ఉత్తరానికి సాగే ఇసుక ఆ గోడల వల్ల నిలిచిపోయి, దక్షిణాన మేట వేసి, ఇప్పటి విశాలమైన మెరీనా ఏర్పడింది. అదే కారణంగా ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. అంటే మనం నడిచే ఇసుక మేట వయసు మహా అయితే సుమారు నూటయాభై ఏళ్లే. అక్కడ దొరికేది నిన్నటి సెలవు రోజున జారిన చిల్లర. కాణుమ్ పొంగల్ మర్నాటి ఉదయం మెరీనాలో గంటసేపు నడిస్తే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

చివరగా, జాగ్రత్తలు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో, మీ తిరువాన్మియూర్ పక్కనున్న బెసంట్ నగర్‌లోనూ, రాత్రిపూట వచ్చి ఇసుకలో అడుగున్నర లోతు గుంట చేసి గుడ్లు పెడతాయి. విద్యార్థి స్వచ్ఛంద సేవకులు 1988 నుంచి రాత్రంతా నడిచి ఆ గుడ్లను కాపాడుతున్నారు. ఆ నెలలలోనూ, పిల్లలు బయటికి వచ్చే వేసవి తొలి వారాలలోనూ చీకటి ఉండగా వెళ్లకండి, తాబేలు పాకిన జాడ కనిపించిన చోట స్కూప్ దించకండి. నాయకుల సమాధుల ప్రాంగణాలు, నౌకాశ్రయ పరిసరాలు, కల్పాక్కం అణు కేంద్రం దగ్గరి తీరం – వీటికి దూరంగా ఉండండి. మొదటిసారి వెళ్లే ముందు మీ ప్రాంతపు పోలీసు స్టేషన్‌లో ఒక మాట అడిగి తెలుసుకోండి. మత్స్యకారులు వలలు ఆరబెట్టే చోట వారి అనుమతి లేకుండా తవ్వవద్దు, అది వారి ముంగిలి. తవ్విన ప్రతి గుంటనూ వెంటనే పూడ్చి కాలితో అదమండి, తెల్లవారుజామున మీలాగే నడకకు వచ్చిన ఇంకొకరి మడమ ఆ గుంటలో మడతపడకూడదు.

ప్రశ్న: పదిహేను రోజుల క్రితం ఎలియట్స్ బీచ్‌లో కుటుంబంతో కూర్చొని ఉండగా నా పెళ్లి ఉంగరం ఇసుకలో జారిపోయింది. ఆ రోజు చీకటిపడే దాకా వెతికాం. ఇప్పటికీ దొరికే అవకాశం ఉందా? మా చెల్లెలి నల్లపూసల గొలుసు కూడా కిందటేడు అక్కడే పోయింది.
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, ఉంగరం విషయంలో ఆశ వదులుకోకండి, అయితే ఇక ఆలస్యం చేయకండి. బంగారం నీటికి పందొమ్మిది రెట్ల బరువైనది కాబట్టి, పదిమంది అడుగులు కదిపిన వదులు ఇసుకలో అది కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. అయినా పొడి ఇసుకలో పదిహేను రోజులకు అది యంత్రానికి అందే లోతులోనే ఉండే అవకాశం ఎక్కువ. అలల అంచున జారి ఉంటే మాత్రం ఒక్క తుపాను చాలు, చేయి దాటిపోవడానికి. నగరపాలక సంస్థ బీచ్ శుభ్రపరిచే వాహనాలు పై పొరను జల్లిస్తాయన్నది కూడా త్వరపడమనడానికి ఒక కారణం.

ముందుగా చోటును కుదించాలి. ఆ సాయంత్రం మీరు తీసుకున్న ఫొటోలన్నీ తెరవండి. వెనుక ష్మిట్ స్మారకం ఏ కోణంలో కనిపిస్తోందో, దాని పక్కన ఏ విద్యుత్ స్తంభం, ఏ భవనం ఉన్నాయో చూడండి. అదే సమయానికి అక్కడికి వెళ్లి, ఫోటోలోని దృశ్యమూ కంటికి కనిపించేదీ ఒకటయ్యే వరకు జరుగుతూ నిలబడండి. ఈ పద్ధతిలో వెతకవలసిన చోటు ఒక గదంతకు తగ్గిపోతుంది. తర్వాత నాలుగు మూలలా కర్రలు పాతి, తాడుతో మీటరు వెడల్పు వరుసలు కట్టి, యంత్రంతో ఒక్కో వరుసనూ నెమ్మదిగా ఊడ్చినట్టు చూడాలి. ఉత్తర దక్షిణాలుగా ముగిశాక తూర్పు పడమరలుగా మళ్లీ మొదటి నుంచి చూడాలి. కిందటి సంవత్సరం ఒక దంపతుల కోసం ఇలా వెతికినప్పుడు, మొదటి చుట్టులో నాకు ఏమీ వినబడలేదు. రెండో చుట్టులో, తాడు కట్టిన కర్రకు జానెడు దూరంలో, రేకు ముక్క అని దాటేయదగినంత మెత్తటి చప్పుడు వచ్చింది. స్కూప్ రెండుసార్లు ముంచితే ఇసుక జారిపోయి, చిల్లుల మధ్య ఉంగరం అంచు నిలబడి కనిపించింది. నేను అప్పటికే ఆ కర్రను నాలుగుసార్లు పక్కకు తప్పుకొని నడిచాను. అప్పటి నుంచి కర్ర పాతిన చోటును కూడా కర్ర తీసి చూస్తున్నాను.

మీ చెల్లెలి గొలుసు విషయంలో నిజం చెప్పక తప్పదు. ఉంగరం పూర్తి వలయం కాబట్టి సుడి ప్రవాహం దాని చుట్టూ హాయిగా తిరుగుతుంది. సన్నని గొలుసులో ప్రతి కొక్కెమూ విడివిడిగా ఒక చిన్న వలయం మాత్రమే, వాటి మధ్య కలయిక గట్టిగా ఉండదు. కాబట్టి యంత్రానికి తులం గొలుసు కంటే అర గ్రాము పోగు ఎక్కువగా వినబడే సందర్భాలు ఉంటాయి. నల్లపూసలు గాజువి, అవి అసలే పలకవు. గొలుసుకు బరువైన బిళ్లో, లావుపాటి కొక్కెమో ఉంటే దాన్ని పట్టుకోవచ్చు. ఏడాది తర్వాత, అలాంటి గొలుసు కోసం మీరు డబ్బు పెట్టవద్దనే నా సలహా. ఇదే కారణంగా, గొలుసు వేసుకొని సముద్రస్నానానికి వెళ్లేవారిని చూస్తే నాకు మనసు ఆగదు, అడగకపోయినా చెబుతాను, తీసి ఇంట్లో పెట్టి రమ్మని.

ప్రశ్న: మా సొంత ఊరు చిత్తూరు జిల్లాలో. ఊరి గుట్ట మీద పాతకోట గోడలు ఉన్నాయి, అక్కడ గుప్తనిధులు ఉన్నాయని పెద్దలు చెబుతారు. మూడు వందల అడుగుల లోతులోని బంగారాన్ని కూడా దూరం నుంచే చూపించే యంత్రం అద్దెకు ఇస్తానని ఒక వ్యక్తి రెండు లక్షలు అడుగుతున్నాడు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: తీసుకోవద్దు. ఆ రెండు లక్షలు పోవడం మీ నష్టాలలో అతి చిన్నది అవుతుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పైన చెప్పిన 64వ వంతు లెక్కను మళ్లీ చూడండి. జానెడు లోతులో నాణెం వినడానికే మంచి యంత్రం కష్టపడుతుంటే, మూడు వందల అడుగుల కింద బంగారాన్ని, అదీ దూరం నుంచే, వెండి కాదు బంగారమేనని చెప్పే పరికరం ప్రకృతి నియమాలలో లేదు. చేతిలో తిరిగే యాంటెన్నా కడ్డీ ఉండి, దానంతటదే ఒక దిక్కుకు వంగినట్టు కనిపించే ఈ పరికరాలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఏడీఈ 651 అనే పేరుతో ఇలాంటి కడ్డీలనే బాంబులను పట్టే పరికరాలని చెప్పి ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్ అనే వ్యాపారికి 2013లో ఆయన సొంత దేశమైన బ్రిటన్‌లోని కోర్టు పదేళ్ల జైలుశిక్ష వేసింది. వాటిలో పనిచేసే భాగం అంటూ ఏదీ లేదు, తనిఖీ కేంద్రాల దగ్గర వాటిని నమ్ముకున్న జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన వైపు రైస్ పుల్లింగ్ చెంబు, అంటే బియ్యపు గింజలను తనవైపు లాక్కునే మహిమగల పాత్ర, అన్న పేరుతో సాగే మోసం కూడా ఈ జాతిదే. మీ దగ్గరికి వచ్చిన వ్యక్తిని ఒక్క పరీక్ష అడగండి. పది అట్టపెట్టెలు తీసుకొని, ఆయన లేని గదిలో ఒకదానిలో మాత్రం బంగారు ఉంగరం పెట్టి, అన్నీ మూసి, పెట్టినవారు బయటికి వెళ్లిపోయాక, ఎవరికీ తెలియని ఆ పెట్టెను చూపించమనండి. ఇదే పరీక్ష ఐదుసార్లు చేయమనండి. ఊహించి చెప్పేవాడికి ఒక్కసారి సరిపోవచ్చు, ఐదుసార్లు సరిపోదు.

ఇక చట్టం సంగతి. రక్షిత కట్టడాల చుట్టూ తవ్వడం 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం. 2010 సవరణ తర్వాత ఆ కట్టడం నుంచి 100 మీటర్ల దూరం నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్రం రక్షించే కట్టడాలకు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంది. మన చెన్నైలోనే చూడండి: 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పాతరాతియుగపు చేతిగొడ్డలిని కనుగొన్న పల్లావరంలో, పురావస్తు శాఖ గుర్తించిన చోటు చుట్టూ ఇళ్లు కట్టుకోవడానికే ఆంక్షలున్నాయి. ఇక యంత్రంతో తిరిగి తవ్వడం గురించి చెప్పనక్కరలేదు. మీ పట్టా పొలంలో దొరికినా పద్ధతి ఒకటుంది. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగిన, పది రూపాయల కంటే ఎక్కువ విలువైన ఏ వస్తువు దొరికినా, అది ఏమిటి, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్నవి జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వారసులెవరూ లేరని తేలి, ప్రభుత్వం తీసుకోకపోతే, సాధారణంగా దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు రావడానికి ఆ చట్టంలోనే వీలుంది. చెప్పకుండా దాచినవారు ఆ వాటా పోగొట్టుకోవడమే కాక, ఏడాది వరకు జైలుశిక్షకు గురి కావచ్చు.

చట్టం కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరొకటి. గుప్తనిధుల కోసం రాత్రిపూట పగలగొట్టిన గుడులూ, పెకలించిన నందులూ మన పల్లెలలో ఎన్నో చూశాం. నేలలో ఏ పొరలో, ఏ వస్తువు పక్కన ఏది ఉందన్న దానినిబట్టే చరిత్రకారులు కాలం నిర్ణయిస్తారు. ఒక్కసారి గునపం పడిన తర్వాత బంగారం దొరికినా దొరకకపోయినా ఆ సాక్ష్యం మాత్రం తిరిగిరాదు. మీ కోట గోడల గురించి పెద్దలు చెప్పే కథలను రాసి పెట్టండి, ఫోటోలు తీయండి, పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయండి. డిటెక్టర్ కొనుక్కుంటే దాన్ని బీచ్‌కే పరిమితం చేయండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కొనే స్తోమత లేదు, సొంతంగా డిటెక్టర్ తయారు చేసుకోగలనా?
– ఒక విద్యార్థి, వేళచ్చేరి

జవాబు: తప్పకుండా చేయగలవు బాబూ, ఈ నెల ఉత్తరాలలో నాకు ఎక్కువ సంతోషం కలిగించినది నీదే. అన్నిటికంటే సులభమైనది బీట్ ఫ్రీక్వెన్సీ పద్ధతి. రెండు ఆసిలేటర్లను (దిశ మారే విద్యుత్తును పుట్టించే సర్క్యూట్లు) దాదాపు ఒకే తరచుదనానికి అమర్చి, ఒకదాని తీగచుట్టను వెతికే కాయిల్‌గా వాడతారు. లోహం దగ్గరికి రాగానే ఆ తరచుదనం కొద్దిగా మారి, రెండింటి తేడా చెవికి వినబడే స్వరంగా మారుతుంది. భాగాలన్నీ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. ఎనామెల్ పూత ఉన్న రాగితీగను కట్‌పీసుగా కాకుండా బరువు లెక్కన అడుగు, చవకగా వస్తుంది. కాయిల్‌కు ప్లాస్టిక్ పళ్లెం, కాడకు పీవీసీ గొట్టం చాలు. ఇది నాలుగైదు అంగుళాలకు మించి చూడదు, ఎండకు వేడెక్కితే స్వరం జారిపోతుంది, ఇనుమును వేరుచేయడం దాని వల్ల కాదు. అవన్నీ ఎందుకు జరుగుతున్నాయో తెలుసుకున్నాక పల్స్ ఇండక్షన్ సర్క్యూట్‌కు వెళ్లు, దానికి కాయిల్ చుట్టడంలో అంత ఖచ్చితత్వం అక్కరలేదు, ఉప్పు ఇసుకలో కూడా పనిచేస్తుంది. బీచ్‌కు తీసుకెళ్లేముందు కాయిల్‌ను ఎపాక్సీతో మూసెయ్యి. తీగలు కదిలితే యంత్రం దానంతటదే మోగుతుంది.

ప్రశ్న: మా వీధిలో గుంత తవ్వినప్పుడు చిల్లి కాణీ ఒకటి, పాత రాగి నాణేలు రెండు దొరికాయి. చింతపండుతో తోమితే మెరుస్తాయా? ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సైదాపేట

జవాబు: తోమకండి. రాగి మీద పట్టిన ఆకుపచ్చ, గోధుమ పొరే దాని కవచం. చింతపండు పులుపు ఆ పొరతోపాటు అక్షరాల అంచులను కూడా తినేస్తుంది, నాణేలు సేకరించేవారు అలా మెరిసేదాన్ని చేతితో కూడా ముట్టుకోరు. మంచినీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మెత్తటి బ్రష్‌తో మట్టి మాత్రం వదిలించి, నీడన ఆరనివ్వండి. నడుమ చిల్లున్న పైసా బిళ్ల 1943 నుంచి 1947 వరకు, యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడం కోసం వచ్చింది. రాగి నాణేలపై ఈస్ట్ ఇండియా కంపెనీ అనీ, 1835 అనీ ఉంటే అవి పావు అణాలు కావచ్చు. అలాంటివి నూరేళ్లు దాటినవి కాబట్టి 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. దొరికిన సంగతిని తేదీ, చోటు రాసి కలెక్టరు కార్యాలయానికి ఒక ఉత్తరంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది, అవి ఏమిటో అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

ఇటీవల ఎవరో పోగొట్టుకున్న ఉంగరమో గొలుసో దొరికితే పద్ధతి వేరు. అది నిధి కాదు, ఒకరి సొత్తు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, ఇతరుల వస్తువు దొరికి దాన్ని తన దగ్గర ఉంచుకున్నవారికి, అప్పగించిన వస్తువును కాపాడేవారికి ఉండే బాధ్యతే ఉంటుంది. యజమానిని వెతికే ప్రయత్నం చేయకుండా సొంతానికి వాడుకుంటే నేరం కూడా అవుతుంది. దొరికిన చోటు, సమయం రాసి, ఫోటో తీసి, ఆ ప్రాంతపు పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు పుచ్చుకోండి. ఉంగరం లోపలి వైపు చెక్కిన పేరునో తేదీనో మాత్రం ఎవరికీ చెప్పవద్దు. అది నాదేనని వచ్చినవారిని మొదట అడగవలసిన ప్రశ్న అదే.